చెవుల మేష్టారు మళ్లీ ఇంటికొస్తే

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. 1985 ప్రాంతంలో, నేను ఐదో తరగతిలో ఉండగా దూరదర్శన్‌లో ఆదివారం పూట స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష ఓడ సీరియల్ వచ్చేది. మా ఇంట్లో టీవీ లేదు. పక్క వాటావాళ్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చాప మీద కూచుని చూసేవాళ్లం. అంతా ఇంగ్లీషు. నాన్న నా వెనకాల కూచుని ఒక్కో మాటా తెలుగులో చెప్పేవారు. అందులో కోసు చెవుల స్పాక్‌ను 'చెవుల మేష్టారు' అనేవారు. రాళ్లను తొలుచుకుంటూ తిరిగే జంతువు, గంటగంటకీ పిల్లలు పెట్టే ఉన్ని ఉండల్లాంటి జీవాలు, పొట్ట కింద పక్షి బొమ్మ వేసి ఉన్న శత్రువుల ఓడ... ఇవన్నీ నలభై ఏళ్లుగా నాతోనే ఉన్నాయి. నాన్న మూడేళ్ల కిందట పోయారు. ఈమధ్య మొత్తం సీరియల్ బ్లూరే డిస్కులు కొన్నాను, పదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి మొదటి నుంచి చూద్దామని. మొదటి ఎపిసోడ్‌కే "నాన్నా, ఆ రాళ్లు థర్మోకోల్‌వి" అని నవ్వింది. మూడో దానికి ఫోన్ తీసింది. అసలు బాధ ఏమిటంటే, నాకూ బోరు కొట్టింది. రంగులు కళ్లలో పొడుస్తున్నాయి. ఇన్నేళ్లు అపురూపంగా దాచుకున్నది ఇంతేనా అనిపించింది. ఆపేస్తే కనీసం జ్ఞాపకమైనా చెడకుండా ఉంటుందేమో. ఏం చేయమంటారు?

సమాధానం:

ఆపేయకండి. కానీ మొదటి డిస్కు నుంచి వరసగా చూడటం మాత్రం ఇవాళే మానేయండి.

మీ అమ్మాయి సరిగ్గా మూడో ఎపిసోడ్‌కే ఫోన్ తీయడంలో ఆశ్చర్యం లేదు. ఈ సీరియల్ అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో 1966 సెప్టెంబర్ 8న మొదలైంది. మొదట ప్రసారమైనది 'ద మ్యాన్ ట్రాప్', మనుషుల ఒంట్లోంచి ఉప్పు లాగేసే జీవి కథ. అయితే మొదట తీసింది అది కాదు. మూడోదిగా వచ్చిన 'వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్'ను 1965లోనే చానల్‌కు చూపించే నమూనాగా తీసి పెట్టారు. అందులో చొక్కాలు వేరు. ఓడ డాక్టర్ మెకాయ్ లేడు, ఆ చోట ఇంకెవరో ఉంటారు. స్పాక్ మనం ఎరిగిన స్పాక్ కాదు, గొంతు పెంచి మాట్లాడతాడు. రెండు ఎపిసోడ్లు చూసి ఎవరు ఎవరో అప్పుడప్పుడే పోల్చుకుంటున్న పిల్లకి, మూడో దాంట్లో మనుషులే మారిపోతే ఇక ఏం పట్టుకుని చూస్తుంది?

మొత్తం 79 ఎపిసోడ్లు. 1969 జూన్‌లో ఆఖరిది వచ్చింది. ఇప్పటి వెబ్ సిరీస్‌ల్లా ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి రాదు. భేతాళ కథల్లా ఏ కథకా కథే. విక్రమార్కుడు, భేతాళుడు, ఆ చెట్టు, ఆ శవం, ఇవి తెలిస్తే చాలు, ఏ కథయినా ముందు చదువుకోవచ్చు. ఇక్కడా అంతే: ఒక ఓడ, కెప్టెన్ కర్క్, లెక్క ప్రకారం ఆలోచించే స్నేహితుడు స్పాక్, గుండెతో ఆలోచించే స్నేహితుడు మెకాయ్. ప్రతి వారం ఒక చిక్కుముడి. కాబట్టి వరస గురించి పట్టింపు పెట్టుకోకండి.

ఇక థర్మోకోల్ రాళ్లు. నవ్వనివ్వండి, నవ్వొచ్చేలాగే ఉంటాయి. ఆమె నవ్వినప్పుడు మీకు ఎవరో మీ ఇంటి పెద్దవాళ్లను వెక్కిరించినట్టు అనిపించి ఉంటుంది, అది నేను అర్థం చేసుకోగలను. కానీ పిల్లల నవ్వు చాలాసార్లు "ఇదెలా చేశారు?" అనే ప్రశ్నకు మొదటి మెట్టు. ఆ ప్రశ్నకు మీ దగ్గర మంచి జవాబులు ఉండాలి. ఉదాహరణకు, మనుషులు మెరుపుల్లో కరిగిపోయి గ్రహం మీద తేలడం ఎందుకు పుట్టిందో చెప్పండి. ప్రతి వారం అంత పెద్ద ఓడ నేల మీద దిగుతున్నట్టు చూపించాలంటే వాళ్ల బడ్జెట్ చాలదు. అందుకని దిగడమే లేకుండా చేశారు. ఆ మెరుపులు వెలుగులో రాలే అల్యూమినియం పొడిని ఫిల్ము తీసినవి. ఓడలో తలుపులు వాటంతటవే 'సుయ్' మని జరుగుతాయి చూశారా, గోడ వెనకాల మనుషులు నిలబడి లాగేవాళ్లు. నటుడు నడిచొచ్చే వేగానికి సరిగ్గా అందుకోవాలి, లేకపోతే తలుపుకు ముక్కు తగులుతుంది. ఇవి చెప్పి, ఒక్కసారి తలుపులు మాత్రమే గమనిస్తూ చూడమనండి. రీల్స్ తీసుకునే తరం పిల్లలకు ఈ పనితనం మనకన్నా త్వరగా అర్థమవుతుంది.

మనవాళ్లు సురభి నాటకం చూడటానికి వెళ్లినప్పుడు, గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొనే బాణాలకు తీగలు కట్టారని తెలియక కాదు కదా చప్పట్లు కొడతారు! తీగ కనపడినా బాణమే చూస్తారు. స్టార్ ట్రెక్‌ను సినిమా చూసినట్టు చూస్తే రాళ్లు కనపడతాయి. నాటకం చూసినట్టు చూస్తే మనుషులు కనపడతారు. అది నిజానికి నాటకమే. నాలుగు గోడల మధ్య, నాలుగు కుర్చీల దగ్గర, ఏం చేయాలో తేలని మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకునే నాటకం.

రంగుల సంగతికొస్తే, మీ కళ్లు తప్పు చెప్పలేదు. అప్పట్లో ఎన్‌బీసీకి యజమాని ఆర్‌సీఏ, రంగుల టీవీలు తయారుచేసి అమ్మే కంపెనీ. 1966లో రంగు అంటే కొత్త సరుకు, కొట్టొచ్చినట్టు కనపడాలి. ఎర్ర చొక్కాలు, నీలం చొక్కాలు, ఊదారంగు గోడలు అలా వచ్చినవే. మీరు చిన్నప్పుడు వీటిలో ఒక్కటీ చూడలేదు. స్పాక్ చొక్కా నీలమని మీకు ఇప్పుడే తెలిసి ఉంటుంది. అందుకే ఒక పని చెబుతాను, దయచేసి చేసి చూడండి. టీవీ రిమోట్‌లో పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'కలర్' అన్నదాన్ని సున్నాకి తెచ్చేయండి. అంతే. మీ పక్క వాటా టీవీ మీ హాల్లోకి వస్తుంది.

ఇది కేవలం పాత ముచ్చట కోసం చెప్పడం లేదు. ఈ సీరియల్ మొదటి రెండు సీజన్లకు ఛాయాగ్రహణం చేసిన జెరీ ఫినర్‌మన్ వెలుగునీడలతో చాలా శ్రద్ధగా పనిచేశారు. కర్క్ ఏదైనా కష్టమైన నిర్ణయం తీసుకునే చోట మొహమంతా నీడలో ఉంచి కళ్ల మీద మాత్రం ఒక పట్టీలా వెలుగు పడనిస్తారు. రంగుల్లో అది గోడల గోలలో పోతుంది. నలుపు తెలుపుల్లో చూస్తే ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. ఇంకో చిన్న విషయం. 2006 నుంచి ఈ ఎపిసోడ్లకు కంప్యూటర్‌తో కొత్త ఓడలు, కొత్త గ్రహాలు వేసి విడుదల చేశారు. బ్లూరేలో పాతవీ కొత్తవీ రెండూ ఎంచుకునే వీలుంటుంది. మీరు పాతవే పెట్టుకోండి. కొత్తవి శుభ్రంగా ఉన్నాయి, నాకు వాటి మీద ద్వేషమేమీ లేదు, కానీ మీరు వెతుక్కుంటున్నది వాటిలో దొరకదు.

ఇప్పుడు ఏవి చూడాలో చెబుతాను. మీ ఉత్తరంలోనే మూడు ఉన్నాయి.

పక్షి బొమ్మ ఓడ ఉన్నది 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్', 1966 డిసెంబర్ 15న వచ్చింది. ఇదీ మీకు గుర్తున్నట్టు యుద్ధం కథే. కానీ అది పెళ్లితో మొదలవుతుందని మీకు గుర్తుందా? ఓడలోనే ఒక జంటకు కర్క్ పెళ్లి చేస్తుండగా ప్రమాద సంకేతం మోగుతుంది. పెళ్లి మధ్యలో ఆగిపోతుంది. పదేళ్ల పిల్లాడు ఆ పెళ్లిని పట్టించుకోడు, ఓడ ఎప్పుడొస్తుందా అని చూస్తాడు. యాభై ఏళ్ల మనిషి మొత్తం ఎపిసోడ్ ఆ పెళ్లికూతురి కోసమే బితుకుబితుకుమంటూ చూస్తాడు. మధ్యలో ఒక క్షణం ఉంది. రోములన్లనే ఈ శత్రువులతో వంద ఏళ్ల కిందట యుద్ధం జరిగినా వాళ్ల మొహాలు మనుషులెవరూ చూడలేదు. మొదటిసారి శత్రువు కెప్టెన్ తెర మీద కనపడతాడు. అవే కోసుగా తేలిన చెవులు, అవే పైకి లేచిన కనుబొమ్మలు. స్టైల్స్ అనే అధికారి మెల్లగా తల తిప్పి స్పాక్ వైపు చూస్తాడు. ఒక్క మాట లేదు. ఇన్నాళ్లు పక్కన కూచుని పనిచేసిన మనిషి, చెవుల వల్ల, ఒక్క క్షణంలో పరాయివాడైపోయాడు. ఆ చూపు దగ్గర ఆపి మీ అమ్మాయిని ఏమీ అడగకండి. ఆమెకే తడుతుంది. ఈ కాలం పిల్లలు ఇలాంటి చూపుల్ని స్కూల్లోనే చూస్తున్నారు.

రాళ్లు తొలిచే జంతువుది 'ద డెవిల్ ఇన్ ద డార్క్', 1967 మార్చి 9. నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. ఆదివారం మీ అమ్మాయితో చూడాల్సింది కూడా ఇదే.

ఒక గ్రహం లోపల గనులు. సుమారు యాభై మంది కార్మికుల్ని ఏదో చంపేసింది. కర్క్, స్పాక్ దాన్ని వేటాడటానికి వస్తారు. మీరు చిన్నప్పుడు ఆ జంతువును చూసి భయపడి ఉంటారు, ఇప్పుడు చూస్తే అది రబ్బరు దుప్పటి కింద పాకుతున్న మనిషే. ఆ మనిషి యానోష్ ప్రొహాస్కా, జంతువుల వేషాలు తయారుచేసుకుని తనే వేసే కళాకారుడు. దాని మీద నవ్వు వస్తుంది, ఒక ఐదు నిమిషాలు నవ్వుకోండి. తర్వాత ఇది గమనించండి. మొదట్లో స్పాక్ అంటాడు, ఈ జాతిలో మిగిలింది ఇదొక్కటేనేమో, వీలైతే ప్రాణాలతో పట్టుకుందామని. కర్క్ ఒప్పుకోడు, కనపడితే చంపేయమంటాడు. కాసేపటికి సొరంగం కూలి కర్క్ ఒక్కడే ఆ జంతువు ఎదుట చిక్కుకుంటాడు. గోడ అవతల నుంచి ఆ సంగతి విన్న స్పాక్ "వెంటనే చంపెయ్" అని ఆదుర్దాపడతాడు. ఇప్పుడు కర్క్ చంపడు. ఆయుధం కిందికి దించుతాడు. జంతువు కదలదు. అతనూ కదలడు. కాసేపటికి, ఏదో బస్టాండులో తోటి ప్రయాణికుడి పక్కన కూచున్నట్టు, దాని ఎదురుగా చతికిలబడి చూస్తూ ఉంటాడు.

ఇద్దరూ తమ తమ మాటలు మార్చుకున్నారు. జీవం విలువ గురించి మాట్లాడినవాడు స్నేహితుడి ప్రాణం మీదికి వచ్చేసరికి చంపమన్నాడు. చంపమన్నవాడు ఎదురుగా నిలబడి చూశాక చంపలేకపోయాడు. ఎవరూ ఈ సంగతి ఎత్తి చూపరు, కథ తన దారిన సాగిపోతుంది. మీ పక్కన నాన్నగారు కూచుని తెలుగులో చెప్పినా ఇది మీకు అప్పుడు అంది ఉండదు. మళ్లీ చూడటం ఇందుకే. ఆ జంతువు ఎందుకు చంపిందో మీకు గుర్తుండే ఉంటుంది. గనిలో దొరికే గుండ్రటి రాళ్లని పనికిరానివనుకుని వాళ్లు పగలగొట్టారు, అవి దాని గుడ్లు. తెలిసిన రహస్యమే. అయినా ఈసారి మొదట్లోనే ఆఫీసు బల్ల మీద ఊరికే పెట్టి ఉన్న ఆ గుండ్రటి రాయి కనపడగానే మీ గుండె కలుక్కుమంటుంది, పక్కన మీ అమ్మాయి ఉంటుంది కాబట్టి.

ఈ ఎపిసోడ్ షూటింగ్ జరుగుతుండగానే కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ తండ్రి చనిపోయారు. ఆయన ఆ కబురు విని కూడా ఆ రోజు పని ముగించి బయల్దేరారు. తర్వాత తనకు ఇష్టమైన ఎపిసోడ్‌గా దీన్నే చెప్పుకున్నారు.

ఉన్ని ఉండలు 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్'. దాని గురించి నేను చెప్పడానికి ఏమీ లేదు, హాయిగా నవ్వుకోవచ్చు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న రోజు పెట్టండి.

ఆమెకు వీటితో కాస్త ఆసక్తి కలిగితే, అప్పుడు 'ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' చూపించండి. కర్క్, స్పాక్ 1930 నాటి న్యూయార్క్‌కి వెళతారు. అక్కడ పేదలకు అన్నం పెట్టే ఈడిత్ కీలర్ అనే మంచి మనిషిని కర్క్ ప్రేమిస్తాడు. ఆమె బతికితే యుద్ధం వద్దనే ఉద్యమం నడుపుతుంది, దాని వల్ల అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగుతుంది, హిట్లర్ గెలుస్తాడు. ఇది అసలైన భేతాళ ప్రశ్న. ఆమెను లారీ కింద పడనివ్వాలా, కాపాడాలా? చివర్లో కర్క్ ఆమె వైపు పరుగెత్తడు, ఆమెను కాపాడబోతున్న మెకాయ్‌ని గట్టిగా పట్టుకుంటాడు. మీరిద్దరూ దీని మీద రాత్రి పదకొండింటి దాకా వాదించుకుంటారని నా నమ్మకం.

ఒక విషయంలో మాత్రం ముందే సిద్ధంగా ఉండండి. ఆడపిల్ల కదా, అడుగుతుంది: "వీళ్లంతా అంత పొట్టి గౌన్లు ఎందుకు వేసుకున్నారు? ఒక్క ఆడ కెప్టెనూ లేదేం?" సమర్థించకండి. ఆ రోజుల్లో అలా ఉండేది అని దాటేయకండి కూడా. నిజం చెప్పండి. 1964 చివర్లో మొదలుపెట్టి తీసిన మొట్టమొదటి నమూనా 'ద కేజ్'లో ఓడలో కెప్టెన్ తర్వాతి స్థానం ఒక స్త్రీది. ఆ నమూనాను చానల్ తిప్పికొట్టింది, రెండోదానిలో ఆ పాత్ర లేదు. 1969లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్‌లో అయితే స్త్రీలకు కెప్టెన్ పదవి అందదన్న మాట నేరుగానే వస్తుంది. నాకు అది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అదే సీరియల్‌లో ఉహూరా కూడా ఉంది. నల్లజాతి అమ్మాయి, ఓడ నడిపే గదిలో అధికారి. ఆ పాత్ర వేసిన నిషెల్ నికల్స్ మానేద్దామనుకున్నప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ వద్దని చెప్పారని ఆమే చెప్పుకున్నారు. ఉహూరాను చూసి పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. రెండూ చెప్పండి. ఏది పెద్దదో ఆమె తేల్చుకుంటుంది.

ఇక మీకు బోరు ఎందుకు కొట్టిందన్న మాట. ఉత్తరం రెండోసారి చదివాక నాకు ఒకటి అనిపించింది. మీరు చిన్నప్పుడు చూసిన స్టార్ ట్రెక్‌లో బొమ్మ అమెరికాది, గొంతు మీ నాన్నగారిది. ఆ ముప్ఫై ఏళ్ల మనిషో నలభై ఏళ్ల మనిషో ఇంగ్లీషు వింటూ, అప్పటికప్పుడు తెలుగు చేస్తూ, తనకు అందనిచోట ఏదో కల్పించి కూడా చెప్పి ఉంటారు. మీరు కొన్న డిస్కుల్లో బొమ్మ శుభ్రంగా ఉంది, ఆ గొంతు లేదు. మీకు వెలితిగా ఉన్నది సీరియల్ పాతబడినందుకు కాకపోవచ్చు.

మీ అమ్మాయికి ఇంగ్లీషు సులువే, ఆమెకు అనువాదం అక్కర్లేదు. కానీ ఆమెకు తాతగారు 'చెవుల మేష్టారు' అన్న సంగతి తెలుసా? చెప్పకపోతే ఈ ఆదివారం స్పాక్ తెర మీదికి రాగానే చెప్పండి. జంతువు కనపడగానే ఆయన ఏమన్నారో, పక్క వాటావాళ్ల పిల్లలు ఎలా అరిచారో, కరెంటు పోయిన రోజు మిగతా కథ ఆయనే అల్లి చెప్పారా, అన్నీ చెప్పండి. సీరియల్ చూస్తూ మధ్యలో మాట్లాడకూడదన్న నియమం మీ ఇంట్లో ఉంటే ఆ గంటసేపు పక్కన పెట్టండి. మీరు చూసింది మాటల మధ్యే కదా.

ఆ తర్వాత కూడా ఆమెకు నచ్చకపోతే వదిలేయండి. బతిమాలి చూపిస్తే ఏదీ నచ్చదు. మీరు ఒక్కరే చూసుకోండి, రాత్రి భోజనాలయ్యాక, వారానికి ఒకటి, రంగు తీసేసి.

ఒక్కరే చూడాల్సింది ఒకటి నేనే చెబుతాను. 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్'లో శత్రువు కెప్టెన్‌గా వేసిన మార్క్ లెనార్డ్, మరుసటి ఏడాది 'జర్నీ టు బేబెల్'లో స్పాక్ తండ్రి సారెక్‌గా వస్తారు. తండ్రీకొడుకుల మధ్య పద్దెనిమిదేళ్లుగా మాటల్లేవు. కొడుకు తన దారి తను చూసుకున్నాడని తండ్రికి కోపం. ఆపరేషన్‌కు తండ్రికి కొడుకు రక్తం కావాలి, ఓడ బాధ్యత కొడుకు మీద ఉంది, అతను కుర్చీ వదిలి రానంటాడు. తల్లి చెంప మీద కొడుతుంది. చివరికి ఇద్దరూ ఆసుపత్రి గదిలో పక్కపక్క మంచాల మీద ఉంటారు. అక్కడ వాళ్లు మాట్లాడుకునేది తమ గొడవ గురించి కాదు. అంత భావోద్వేగం ఉన్న ఈవిడను ఎందుకు పెళ్లి చేసుకున్నావని కొడుకు తండ్రిని అడుగుతాడు, అప్పట్లో అదే సబబుగా తోచిందని తండ్రి చెబుతాడు, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు లేదు. పక్కనే నిలబడి వింటున్న తల్లి మొహంలో ఉంది.

ఇది మీరు చిన్నప్పుడు చూసిన జాబితాలో లేదు. దూరదర్శన్‌లో వచ్చిన వారం మీరు ఊరెళ్లారేమో, చూసీ మరిచిపోయారేమో. సబ్‌టైటిల్స్ తీసేసి చూడండి. ఆ మంచాల సీను వచ్చేసరికి, ఆ రెండు మాటల్నీ నాన్నగారైతే తెలుగులో ఎలా చెప్పేవారో మీకు వినపడుతుంది.